వంద యేళ్ల గోడ, నలభై యేళ్ల శ్లాబు

మొన్న దసరా సెలవులకు మా వూరు వెళ్లినప్పుడు మా అమ్మను ఒక గ్లాసెడు కాఫీ కాపాడింది. అతిశయోక్తి అనుకోకండి. క్లాసులో అలంకారాలు చెప్పుకు బతికేవాడినే గాని, ఈ వాక్యంలో మటుకు అలంకారం లేదు.

అమ్మకు పొద్దున్నే యేడింటికి వీధివైపు పోర్టికోలో పడక్కుర్చీ వేసుకుని పేపరు చదువుకోవడం అలవాటు. ఆ రోజు కాఫీ వంటింట్లో మరిచిపోయి వచ్చి కూచున్నది. మా ఆవిడను కేకేస్తే తెచ్చి యిచ్చేదే. కాని, "నిద్ర లేచిన దగ్గర్నుంచి కోడల్ని పురమాయిస్తున్నాననుకుంటుందేమో" అని తనే లేచి లోపలికి వెళ్లింది. వెనక ధబ్బుమని చప్పుడు. మేమంతా పరుగెత్తుకు వచ్చి చూద్దుము గదా, పోర్టికో శ్లాబునుంచి చపాతీపీటంత పెచ్చు వూడి కుర్చీలో కూచుని వుంది. నాలుగైదు కిలోలుంటుంది. కుర్చీ గుడ్డ నిలువునా చిరిగింది. పైకి చూస్తే మూడు ఇనపచువ్వలు బయటపడి, బెరడు లేచిన తుమ్మకొమ్మల్లా పొరలు పొరలుగా వుబ్బి వున్నాయి.

అమ్మ కాఫీగ్లాసు చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. "మీ నాన్న కట్టించింది రా" అన్నది. అంతే. మరి మాట్లాడలేదు.

మా యింటి సంగతి కొంచెం చెప్పాలి. బందరుకు దగ్గర వూరు. సముద్రం ఆరేడు కిలోమీటర్లుంటుంది. గాలి తిరిగిన రోజున పెరట్లో ఆరేసిన తువ్వాలు కూడా ఉప్పగా వుంటుంది. మా తాతగారు 1926లో మండువా లోగిలి కట్టించేరు. యిటుక గోడలు, గానుగ సున్నం, టేకు దూలాలు, పైన పెంకు. మా నాన్నగారు 1984లో ముందు వసారా తీయించి, ఆ స్థలంలో రెండు గదులు, పోర్టికో వేయించి శ్లాబు పోయించేరు. ఆ రోజుల్లో మా వీధిలో అదే మొదటి డాబా. నాకప్పుడు అయిదేళ్లు. శ్లాబు పోసిన రోజున కూలీలు వరసగా నిలబడి తట్టలందిస్తూ వుంటే, వాళ్ల కాళ్ల సందుల్లోంచి పరుగెత్తి దెబ్బలు తిన్నట్టు గుర్తు.

కబురు తెలిసి హైదరాబాదునుంచి అన్నయ్య దిగేడు. దిగుతూనే తీర్పు చెప్పేడు: "యిల్లు పాతబడిపోయింది. వందేళ్లయింది. ఆ వెనక మండువా యెప్పుడు కూలుతుందో తెలియదు. మొత్తం పడగొట్టేద్దాం." మీరు గమనించేరో లేదో, కూలింది నాలుగు పదుల యేళ్ల శ్లాబు, ఉరిశిక్ష వందేళ్ల గోడకు! అన్నయ్యను తప్పు పట్టను. పాతది కూలుతుంది, కొత్తది నిలుస్తుంది అనే అందరం అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను.

మా వూరి మేస్త్రీకి డెబ్భై దగ్గరపడ్డాయి. సుత్తి పుచ్చుకు వచ్చి రెండు భాగాలూ తట్టి చూశాడు. మండువా గోడ మీద తడితే కొబ్బరికాయ మీద కొట్టినట్టు గట్టిగా, పొట్టిగా పలికింది. ముందుగది శ్లాబు మీద తడితే పుచ్చిన గుమ్మడికాయలాగు బోలుగా పలికింది. పోర్టికోలో సగానికి సగం అదే పలుకు. "యిది లోపల పొర విడిపోయిందండి బాబుగారూ. యివాళో రేపో వచ్చేదే" అన్నాడు.

నాకు తెలుగు వచ్చును గాని ఇంజినీరింగు రాదు. బందరులో పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ పాఠాలు చెప్పే మిత్రుడొకడున్నాడు. అతన్ని బతిమాలి తీసుకొచ్చేను. ఆ సాయంత్రం అతను చెప్పినదాన్ని, నాకర్థమైనంతవరకు, మీకూ చెబుతాను. సొంతిల్లున్న వారికీ, కట్టుకోవాలనుకుంటున్న వారికీ వుపయోగిస్తుంది.

సిమెంటు కాంక్రీటు బరువుకు బెదరదు. వంచితే మటుకు పటుక్కున విరుగుతుంది. ఇనుము వంగినా విరగదు. రెంటికీ పెళ్లి చేస్తే దివ్యంగా వుంటుందని కనిపెట్టి 1867లో పేటెంటు పుచ్చుకున్నవాడు మోనియే అనే ఫ్రెంచి తోటమాలి. ఆయన చేసింది మేడలు కాదు, పూలకుండీలు! ఈ దాంపత్యంలో ఒక రహస్యం వుంది. కాంక్రీటులో సున్నపుగుణం మెండు. ఆ గుణం వున్నంతకాలం చువ్వ చుట్టూ కంటికి కనిపించని పలచని పొర యేర్పడి తుప్పు పట్టనివ్వదు. కాని గాలిలో బొగ్గుపులుసు వాయువు వుంటుంది గదా, అదే, మన పిల్లలు కార్బన్ డయాక్సైడు అంటున్నారు. అది బయటినుంచి లోపలికి నెమ్మదిగా చొరబడి ఆ సున్నపుగుణాన్ని తినేస్తుంది. చువ్వదాకా చేరిందా, రక్ష తెగిపోయినట్టే. చువ్వ తుప్పుపడుతుంది. తుప్పు ఇనుముకంటె రెండింతలనుంచి ఆరింతలదాకా చోటు కావాలంటుంది. లోపల చోటేదీ? కాంక్రీటును తోసుకుని పెచ్చులూడగొడుతుంది.

మరి చువ్వకూ బయటిగాలికీ మధ్య యెంత మందం వుండాలి? ఇక్కడ ఒక తమాషా లెక్క వుంది. ఆ వాయువు లోపలికి పోయేకొద్దీ దాని నడక మందగిస్తుంది. అర అంగుళం పోవడానికి ఇరవై యేళ్లు పట్టిందనుకోండి. అంగుళం పోవడానికి నలభై కాదు, ఎనభై యేళ్లు పడుతుంది. మందం రెట్టింపయితే ఆయుర్దాయం నాలుగింతలన్నమాట. అర అంగుళం సిమెంటుకు కక్కుర్తిపడితే అరవై యేళ్లు పోగొట్టుకున్నట్టు లెక్క. మన దేశపు కాంక్రీటు నిబంధనలు 2000లో సవరించినప్పుడు, సముద్రతీరపు గాలికి తగిలే కట్టడాలలో చువ్వపైన 45 మిల్లీమీటర్ల కప్పు వుండాలన్నారు, అంటే అంగుళం ముప్పాతిక. మా పోర్టికోలో మిత్రుడు స్కేలు పెట్టి కొలిచేడు. ఒకచోట అర అంగుళం. మరొకచోట చిటికెన వేలి గోరంత.

"సరే, దోషం దొరికింది" అన్నాను.

"తొందరపడకు" అని మిత్రుడు సంచిలోంచి చిన్న సీసా తీసి, వూడిపడిన పెచ్చును అడ్డంగా పగలగొట్టి ఆ నీళ్లు చల్లేడు. ఫినాల్ఫ్తలీన్‌ అట. సున్నపుగుణం వున్నచోట గులాబీరంగు తిరుగుతుంది, లేనిచోట తిరగదు. బయటివైపు వేలెడు వెడల్పున తెల్లగా వుండిపోయింది. దాని లోపల ముదురు గులాబీ. ఇంకా పడకుండా వేలాడుతున్న భాగంలో గులాబీరంగు తిరిగినచోటనే వున్న ఒక చువ్వను చూపించేడు. దానికీ తుప్పే! అంటే గాలి ఇంకా అక్కడికి చేరనే లేదు, రక్ష చెక్కుచెదరలేదు, అయినా చువ్వ పోయింది. "దొంగ బయటినుంచి రాలేదు. యింట్లోనే వున్నాడు" అన్నాడు.

ఆ దొంగ ఉప్పు. సున్నపుగుణం యెంత వున్నా సరే, ఉప్పులోని క్లోరైడు చువ్వమీద పొరను అక్కడక్కడ పొడిచి చిల్లులు పెడుతుందట. అందుకని చువ్వలున్న కాంక్రీటులో కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు వుండరాదని నియమం. చువ్వలు లేని వట్టి కాంక్రీటుకు 2000 దాకా పరవాలేదు. ఉప్పు పగ సిమెంటు మీద కాదు, ఇనుము మీద. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19,000 వుంటుంది.

"1984లో నీళ్లెక్కడివి?" అని మిత్రుడు అడిగేడు. మాలో యెవరికీ తెలియదు. అప్పటిదాకా అరుగు మీద బీడీ కాల్చుకుంటున్న మేస్త్రీ బీడీ నలిపేసి లేచేడు.

"పెరట్లో బావివేనండి. మోసింది నేనే" అన్నాడు.

అప్పుడతను పాతికేళ్ల కూలీ. ఆ వేసవిలో కాలవలు కట్టేసేరు. చెరువు అడుగంటింది. కాలవ వదిలేదాకా ఆగుదామంటే ఈలోగా వానలొస్తాయి, సెంట్రింగు కర్ర పాడైపోతుంది, వడ్డీ పెరుగుతుంది. బండిమీద మంచినీళ్లు తెప్పించాలంటే ఖర్చు. పెద్దమేస్త్రీ "నీళ్లు నీళ్లేనండి" అన్నాట్ట. మా నాన్నగారు బడిపంతులు. ఆ శ్లాబుకు అమ్మ గాజులు రెండు బాంకులో వున్నాయి. పెరట్లో బావి. అంట్లు తోమడానికి తప్ప అమ్మ ఆ నీరు యెన్నడూ వాడలేదు, పప్పు వుడకదు. పోసినప్పుడూ అవే నీళ్లు, తరవాత తడిపినన్ని రోజులూ అవే నీళ్లు. పప్పు వుడకని నీళ్లతో యిల్లు వుడికించేమన్నమాట.

అన్నయ్య మాట్లాడలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక వెనకనున్న నేరస్తుణ్ణి, అదే, మండువా గోడను విచారిద్దాం. ఈ సందర్భంలో నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పనివ్వండి. సంస్కృతంలో "సుధ" అంటే అమృతం. సుధ అంటే సున్నం కూడా. సున్నం పూసినది గనకనే మేడను సౌధం అన్నారు. "గచ్చు" పార్సీనుంచి వచ్చిన మాట. "మేస్త్రీ" పోర్చుగీసు. మన యింటి గోడలో యిన్ని దేశాలవాళ్లు వున్నారు. "తాపీ" అనేది మేస్త్రీ చేతిలోని పనిముట్టు. తాపీగా అంటే నెమ్మదిగా. ఈ రెంటికీ చుట్టరికం వుందో లేదో గాని, సున్నపు పని నెమ్మదిగా తప్ప కాదు.

మా వైపు రాయి లేదు. సముద్రం ఒడ్డున యేరిన గుల్లలను బట్టీలో పెట్టి కాల్చేవారు. సుమారు 900 డిగ్రీల వేడికి అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలినదానిమీద నీరు పోస్తే బుసబుసమని పొంగి సున్నమవుతుంది. దాన్ని గోతిలో నీటికింద నెలల తరబడి మాగనిచ్చి, ఇసకతో కలిపి, యెద్దు తిప్పే రాతిచక్రం కింద గానుగ ఆడించేవారు. గచ్చుపనికి బెల్లం నీళ్లు, కరక్కాయ వూరవేసిన నీళ్లు చేర్చేవారు. గోడకు పట్టించిన తరవాత అది యేం చేస్తుంది? బట్టీలో పోగొట్టుకున్న వాయువును గాలిలోంచి కొంచెం కొంచెం వెనక్కి తీసుకుని, మళ్లీ రాయి అవుతుంది. గమనించండి, శ్లాబులో చువ్వ ప్రాణం తీసే గాలే సున్నపు గోడకు ప్రాణం పోస్తుంది! మా తాతగారి గోడలో ఇనుము లేదు. తుప్పు పట్టడానికేముంది?

సున్నంలో దంచిన యిటుకపొడి కలిపేవారు, సుర్ఖీ అంటారు. అదీ పార్సీయే, యెరుపు అని అర్థం. దానితో సున్నం గాలికోసం కాచుకోకుండా తడిలోనే గట్టిపడుతుంది. రోమనులు యిటుకపొడికి బదులు అగ్నిపర్వతపు బూడిద కలిపేరు. రోములో పాంథియన్ గుడి గుమ్మటం 43 మీటర్ల అడ్డకొలత గలది. పంతొమ్మిది వందల యేళ్లుగా నిలిచి వుంది. లోపల ఒక్క చువ్వ లేదు. రోమను కాంక్రీటులో కరగక మిగిలిన సున్నపు గడ్డలు పనివాళ్ల అశ్రద్ధ అని చాలాకాలం అనుకున్నారు. 2023లో శాస్త్రజ్ఞులు చెప్పినదాని ప్రకారం, బీట పడి నీరు చేరినప్పుడు ఆ గడ్డలే కరిగి బీటను పూడుస్తాయట.

అలాగని సున్నం చావులేనిది కాదు. 1591లో కట్టిన చార్మినారుకు కూడా 2019లో ఒక మీనారు మీది గచ్చు పెళ్ల వూడి కిందపడింది. మళ్లీ సున్నంతోనే బాగుచేసేరు. కిటుకంతా ఆ "మళ్లీ"లో వుంది. మా తాతగారూ, నాయనమ్మా ప్రతి సంక్రాంతికీ గోడలకు వెల్ల వేయించేవారు. అది అందానికి మాత్రమే అనుకునేవాణ్ణి. సన్నని బీటలన్నిటినీ ఆ వెల్ల యేటేటా పూడ్చేది.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. ఆరేళ్లకిందట "యేటా ఈ వెల్ల గొడవ యెందుకు, ఒక్కసారే శాశ్వతంగా చేసేద్దాం" అని మండువా పడమటి గోడకు నేనే సున్నపు గచ్చు చెక్కించి, సిమెంటు పూయించి, ఖరీదైన రంగు వేయించేను. అమ్మ వద్దన్నది. నేను ఎం.ఏ. చదివినవాణ్ణి గదా! నేలలోంచి గోడకు యెక్కే చెమ్మ అంతకుముందు సున్నంలోంచి బయటికి ఆరిపోయేది. సిమెంటు, రంగు కలిసి దానికి వాకిలి మూసేసేయి. ఇప్పుడు ఆ గోడకు నడుమెత్తున బొబ్బలు, ఉప్పు పూత. తక్కిన మూడు గోడలూ నిక్షేపంగా వున్నాయి. వందేళ్ల గోడకు నేనొక్కణ్ణి ఆరేళ్లలో చేసిన చెరుపు సముద్రం కూడా చేయలేదు.

పాతవన్నీ వజ్రాలనే వాదన మటుకు నాకు గిట్టదు. మిగిలిన పాతయిళ్లను చూసి పాతకాలపు పనితనాన్ని పొగుడుతాం. పడిపోయినవి లెక్కకు రావు గదా. మా వీధిలో మట్టిగోడల యిళ్లు చాలా వుండేవిట. 1977 నవంబరు 19 తుపానులో యెక్కువభాగం కరిగిపోయాయి. ఆ రాత్రి అన్నయ్యకు రెండేళ్లు. పెంకులు కాకులగుంపులా లేచిపోతూ వుంటే అమ్మ వాణ్ణి చంకన పెట్టుకుని మండువాలో తూర్పుగోడ మూలకు ఒదిగి తెల్లవార్లూ కూచున్నదిట. యే గోడను పడగొడదామని అన్నయ్య హైదరాబాదునుంచి వచ్చేడో ఆ గోడే.

పైకప్పుల సంగతి టూకీగా చెబుతాను. తాటాకు మూడేళ్లు, బాగా కుడితే నాలుగు. రేకుకు జింకు పూత రక్ష. జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. సముద్రపుగాలిలో ఆ త్యాగం తొందరగా పూర్తవుతుంది. ఆస్‌బెస్టాస్ రేకు యేళ్ల తరబడి వుంటుంది గాని, దాని నలుసు వూపిరితిత్తులకు ప్రాణాంతకమని యెన్నో దేశాలు నిషేధించాయి. విరిగినది వూడ్చేటప్పుడు జాగ్రత్త. ఇక పెంకు. మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ వారు మొదలుపెట్టిన పెంకు యిది. మనవాళ్లలో కొందరు దాన్ని బెంగుళూరు పెంకు చేసేరు, కొందరు బంగళా పెంకు చేసేరు. కాల్చిన మన్ను గనక ఎండకూ ఉప్పుకూ లొంగదు. పోయేది పెంకు కాదు, దాన్ని మోసే రీపరూ, మేకూ. కోతులు తిరిగే వూళ్లో యేటా ఒకసారి పెంకు సర్దించుకోవాలి. సర్దే మనుషులు కరువైపోవడమే ఇప్పటి చిక్కు.

సరే, పోర్టికో మాట. "వూడినచోట సిమెంటు మాసిక వేయిస్తే పోలా?" అన్నది మా ఆవిడ. అందరింటా జరిగేది అదే. గాలివల్ల వచ్చిన తుప్పయితే, చువ్వ వెనకదాకా చెక్కి, శుభ్రం చేసి, మంచి మసాలాతో పూడిస్తే నిలిచే అవకాశముందిట. కాని ఉప్పు కాంక్రీటంతటా కలిసి వున్నప్పుడు మాసిక వేసినచోటు బాగుంటుంది, దాని అంచుపక్కనే కొత్త తుప్పు మునుపటికంటె వడిగా మొదలవుతుంది. "పడగొట్టవలసింది ముందుభాగం. వెనకది కాదు" అని మిత్రుడు తేల్చేడు. అన్నయ్య తలవూపేడు.

ఒప్పుకోనిది అమ్మ. మండువా పడగొడదామన్నప్పుడు పల్లెత్తుమాట అనని మనిషి, డాబా పడగొట్టాలంటే కంటతడి పెట్టుకుంది. పిట్టగోడమీద పచ్చి సిమెంటులో నాన్నగారు పుల్లతో రాసిన "1984" వుంది. పక్కన అన్నయ్య చెయ్యి, నా చెయ్యి అచ్చులు. "ఆయన తెలిసి చేసేరా?" అన్నది. యెవరూ సమాధానం చెప్పలేదు.

రెండురోజులు ఆ గదుల్లోకి యెవరినీ వెళ్లనివ్వకుండా తలుపులు వేసి వుంచేము. మూడోరోజు మేస్త్రీయే వచ్చి, పిట్టగోడలో ఆ అంకె వున్న ముక్కకు చువ్వ లేదనీ, మిషనుతో చదరంగా కోసి తీయవచ్చుననీ చెప్పేడు. అమ్మ కాసేపాలోచించి, దాన్ని తులసికోట దగ్గర పెట్టించమన్నది.

కార్తీకంలో పని మొదలుపెట్టేము. ముందు రెండుగదులకూ శ్లాబు వద్దనుకున్నాం, మళ్లీ పెంకే. పోర్టికోకు మటుకు అన్నయ్య ముచ్చటపడ్డాడు గనక చిన్న శ్లాబు. చువ్వలకింద అంగుళం ముప్పాతిక బిళ్లలు పెట్టించేను. స్కేలు నా జేబులోనే వుండేది, మేస్త్రీ నవ్వుకునేవాడు. పడమటి గోడకు నా సిమెంటు గీకించి మళ్లీ సున్నం పట్టిస్తున్నాము. గానుగ లేదు, మిక్సీలాంటి యంత్రంలో తిప్పుతున్నాడు.

పోర్టికో శ్లాబు పోసిన రోజున నీళ్ల టాంకరు గుమ్మంలో ఆగింది. తట్టలు ఎత్తబోతూ వుంటే అమ్మ వాకిట్లోకి వచ్చి, "ఆగండి" అన్నది. ఇత్తడి చెంబు పట్టుకుని వెళ్లి, పైపుకింద పెట్టి నింపి, ఒక గుక్క నోట్లో పోసుకున్నది. మేస్త్రీ, కూలీలు, అన్నయ్య, నేను అందరం అలా చూస్తూ నిలబడ్డాము. అమ్మ మరో గుక్క తాగి, మూతి తుడుచుకుని, "కానివ్వండి" అని లోపలికి వెళ్లిపోయింది.